పేరు మారితే పాత కాగితం ఏమైతది? లినక్స్ కెర్నల్‌లో మారిన ఆప్షన్ల చరిత్ర



కంప్యూటర్ కోర్సులు చదువుతున్న మన తమ్ముళ్ళు, చెల్లెళ్ళు మళ్ళీ మళ్ళీ అడిగే ప్రశ్న ఒకటుంది. "పాత కెర్నల్‌లో అన్నీ మంచిగ పనిచేసినయ్. అదే సెట్టింగుల ఫైల్ పెట్టి కొత్త కెర్నల్ కంపైల్ చేసినం. ఎర్రర్ ఒక్కటి రాలేదు. తీరా బూట్ చేస్తే ఒక పని జరుగుతలేదు. మనం పెట్టిన ఆప్షన్ ఫైల్‌లనే లేదు. ఎక్కడ పోయింది?"

జవాబు చిన్నదే. చాలాసార్లు ఆ ఆప్షన్ పోలేదు, దాని పేరు మారింది. అయితే పేరు ఎందుకు మారింది, మారినప్పుడు కంప్యూటర్ మనకెందుకు చెప్పలేదు, కొత్త పేరు ఎట్ల పట్టుకోవాలి అన్నది అర్థం కావాలంటే ముప్పై ఏండ్ల చరిత్ర చూడాలె. ఆ చరిత్రనే ఇక్కడ రాస్తున్నం. ఆప్షన్ల పేర్లను తెలుగులో పలికినట్టు రాస్తున్నం. అసలు ఫైల్‌లో అవి ఇంగ్లీషు పెద్దక్షరాల్లో, ముందు "కాన్ఫిగ్" అనే మాటతో, మాటల మధ్య కింది గీతతో ఉంటయ్.

మనకు తెలిసిన పేర్ల మార్పు

ముందు మన దగ్గరి సంగతి ఒకటి చూద్దాం. 2016 అక్టోబర్ 11న తెలంగాణలో 10 జిల్లాలు 31 అయినయ్. ఉమ్మడి ఆదిలాబాద్ నాలుగైంది: ఆదిలాబాద్, నిర్మల్, మంచిర్యాల, కుమురం భీం ఆసిఫాబాద్. మా చొప్పదండి వైపు ఇంకో తమాషా జరిగింది. చొప్పదండి అసెంబ్లీ నియోజకవర్గం ఒక్కటే, కానీ దాని మండలాలు మూడు జిల్లాల్లకు పోయినయ్. చొప్పదండి, రామడుగు, గంగాధర కరీంనగర్‌లోనే ఉన్నయ్. మల్యాల, కొడిమ్యాల జగిత్యాలకు పోయినయ్. బోయిన్‌పల్లి రాజన్న సిరిసిల్లకు పోయింది.

ఊరు కదలలేదు, మనుషులు మారలేదు. మారింది పైనున్న జిల్లా పేరే. జైనూరు పిల్లగాని పాత సర్టిఫికెట్ మీద ఆదిలాబాద్ అని ఉంటది. కొత్త ఫారంలో అదే జైనూరు ఆసిఫాబాద్ కింద ఉంటది. ఆ సంగతి తెలియనోడు ఆదిలాబాద్ జాబితా అంతా వెతికి మా మండలమే లేదంటడు. మండలం ఉంది, ఇంకో జాబితా కింద ఉంది.

కెర్నల్‌లో జరిగేది కూడా చాలావరకు ఇదే. కాకపోతే సర్టిఫికెట్ విషయంలో ఆఫీసులో ఎవరో ఒకరు "ఇది చెల్లదు" అని నోటితో చెప్తరు. కెర్నల్‌లో మామూలుగా ఆ మాట కూడా ఎవరూ చెప్పరు.

ఇంతకీ ఆ ఫైల్ ఏంది

కెర్నల్ అంటే ఆపరేటింగ్ సిస్టమ్‌కు గుండెకాయ. మెమరీ, డిస్క్, వైఫై, కీబోర్డు అన్నింటినీ నడిపేది అదే. లినక్స్ కెర్నల్ అన్ని రకాల యంత్రాల మీద నడవాలె కాబట్టి అందులో వేల కొద్దీ ఆప్షన్లు పెట్టినరు. మన యంత్రానికి ఏవి కావాలో, ఏవి వద్దో రాసుకునే జాబితా "డాట్ కాన్ఫిగ్" అనే ఫైల్. ఉబుంటు, డెబియన్ లాంటివి ఇచ్చే కెర్నల్‌లో ఈ జాబితా వేల వరుసలు ఉంటది.

ఎక్కువ వరుసలకు మూడు రకాల జవాబులుంటయ్. "వై" అంటే కెర్నల్ లోపలే ఉండాలె. "ఎం" అంటే మాడ్యూల్‌గా వేరే ఉండి అవసరమైనప్పుడు ఎక్కాలె. మూడోది "పెట్టలేదు" అని చెప్పే కామెంట్ వరుస. చూడ్డానికి కామెంటే గానీ కెర్నల్ దాన్ని "వద్దు" అనే జవాబుగానే చదువుతది. అందుకే ఆ వరుసలను చెత్త అనుకొని తీసేయొద్దు.

ఉబుంటు, డెబియన్, మింట్ వాడేటోళ్ళు మామూలుగా ఈ ఫైల్ ముట్టుకునే పని లేదు. ఆ పంపిణీలు తయారుచేసేటోళ్ళే చూసుకుంటరు. మరి మనకెందుకు? రెండు కారణాలున్నయ్. విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ 2025 అక్టోబర్ 14తో మామూలు సపోర్ట్ ఆపింది. విండోస్ 11 చాలా పాత యంత్రాలను ఒప్పుకోదు. మన పిల్లల చేతికి వచ్చేవి ఎక్కువగా ఎవరో వాడి ఇచ్చిన పాత యంత్రాలే. వాటికి ప్రాణం పోసేది లినక్స్. తక్కువ మెమరీ ఉన్న యంత్రానికి తగ్గట్టు కెర్నల్‌ను మనమే కంపైల్ చేసుకోవాల్సిన అవసరం కూడా వస్తది. రెండోది, చిన్న బోర్డుల మీద పనిచేసే కంపెనీల్లో, సర్వర్లు చూసే ఉద్యోగాల్లో ఇది రోజువారీ పని. దీన్ని కోచింగ్ సెంటర్లల్ల చెప్పేది తక్కువ.

మొదటి రోజులు: సెట్టింగులకు మనుషుల పేర్లు

ఫిన్లాండ్ విద్యార్థి లినస్ టోర్వాల్డ్స్ 1991లో మొదటి కెర్నల్ విడుదల చేసినప్పుడు మెనూలు, ప్రశ్నలు ఏం లేవు. ఒక చిన్న హెడర్ ఫైల్‌ను చేత్తో దిద్దుకోవాలె. 0.01 వెర్షన్‌లో హార్డ్ డిస్క్ సెట్టింగు పేరే "లినస్ హెచ్‌డీ". పక్కన "లాసు హెచ్‌డీ" అని ఇంకోటి ఉండేది. అది ఆయన మిత్రుడు లార్స్ విర్జేనియస్ యంత్రానిది. అదే ఏడాది వచ్చిన వెర్షన్లల్ల కీబోర్డు ఎంచుకునే వరుసలో ఫిన్నిష్ కీబోర్డు ఉండేది. ఇద్దరు దోస్తుల యంత్రాలకు రాసుకున్న పేర్లు అవి. వాడేటోళ్ళు వేల మంది అయినంక ఆ పేర్లు నిలబడవు కదా.

తర్వాత ప్రశ్నలు అడిగే పద్ధతి వచ్చింది. "మేక్ కాన్ఫిగ్" అని కొడితే ఒక్కొక్క ఆప్షన్ గురించి అడుగుతది, మనం అవును, కాదు చెప్తం. ఆ తర్వాత మెనూ రూపం వచ్చింది. పాత జవాబులను చదివి కొత్త ప్రశ్నలు మాత్రమే అడిగే "మేక్ ఓల్డ్‌కాన్ఫిగ్" కూడా ఆ కాలంలోనే వచ్చింది. మన కథంతా ఈ ఓల్డ్‌కాన్ఫిగ్ చుట్టే తిరుగుతది.

2000 నాటికి ఆ పాత పద్ధతి బరువు మోయలేకపోయింది. ఎరిక్ రేమండ్ అనే ఆయన "సీఎంఎల్ 2" అని పైథాన్‌లో మొత్తం కొత్త పద్ధతి రాసిండు. కెర్నల్ కంపైల్ చేయడానికి పైథాన్ కావాల్నా అని, అంతా ఒకేసారి మార్చాల్నా అని పెద్ద పంచాయితీ అయింది. చివరికి అది పోలేదు. రోమన్ జిప్పెల్ రాసిన పద్ధతిని 2002 అక్టోబర్ చివర్లో 2.5.45 వెర్షన్‌లో తీసుకున్నరు. దాని పేరే "కేకాన్ఫిగ్". ఇప్పటికీ నడుస్తున్నది అదే. అప్పటిదాకా "కాన్ఫిగ్ డాట్ ఇన్" అనే పేరుతో ఉన్న ఫైళ్ళు "కేకాన్ఫిగ్" ఫైళ్ళయినయ్. ఆప్షన్ల పేర్లు రాసే ఫైళ్ళకే పేరు మారిందన్నమాట.

చప్పుడు లేకుండా ఎట్ల పోతది

ఓల్డ్‌కాన్ఫిగ్ ఎట్ల ఆలోచిస్తదో తెలిస్తే సగం సమస్య తీరుతది. అది మన పాత ఫైల్ తీసుకొని ఒక్కొక్క వరుస చదువుతది. ఆ పేరు కొత్త కెర్నల్ కేకాన్ఫిగ్‌లో ఉంటే మన జవాబును ఉంచుతది. ఆ పేరు లేకుంటే ఆ వరుసను వదిలేస్తది. ఎర్రర్ చూపదు, హెచ్చరిక కూడా ఇయ్యదు. అంతా అయినంక కొత్తగా వచ్చిన పేర్ల గురించి మనల్ని అడుగుతది.

అంటే ఒక ఆప్షన్ పేరు మారితే ఓల్డ్‌కాన్ఫిగ్‌కు అది పేరు మార్పు లెక్క కనబడదు. పాతది ఒకటి చప్పుడు లేకుండా పోయింది, కొత్తది ఒకటి పుట్టింది అని కనబడతది. ఆ రెండూ ఒక్కటే అని దానికి తెల్వదు. కొత్త ప్రశ్నకు మనం ఎంటర్ కొట్టుకుంట పోతే డిఫాల్ట్ జవాబు పడతది. డిఫాల్ట్ "వద్దు" అయితే మన ఆప్షన్ పోయినట్టే.

ప్రశ్నలు అడగకుండా అన్నింటికీ డిఫాల్ట్ పెట్టే కమాండ్ "ఓల్డ్‌డెఫ్‌కాన్ఫిగ్". తొందరలో ఉన్నోళ్ళు దీన్నే కొడతరు. ఈ కమాండ్ పాత పేరు "ఓల్డ్‌నోకాన్ఫిగ్". కొత్త ఆప్షన్లకు అది "నో" పెడతదేమో అని పేరు చూస్తే అనిపిస్తది. నిజానికి పెట్టేది డిఫాల్ట్. అందుకని 2012లో పేరు మార్చి, పాత పేరును కూడా కొన్నేండ్లు పనిచేయనిచ్చి, ఆ తర్వాత తీసేసినరు. మారిన పేర్లతో తిప్పలు పడేటోళ్ళు వాడే కమాండ్‌కే పేరు మారింది. అయితే అక్కడ పాత పేరుకు కొంతకాలం గౌరవం ఇచ్చినరు. ఆప్షన్లకు ఆ గౌరవం దొరకడానికి చాలా ఏండ్లు పట్టింది.

పేర్లు మారిన కొన్ని సందర్భాలు

అన్ని పేర్లూ ఒకే కారణంతో మారలేదు. కారణం తెలిస్తే ఎక్కడ వెతకాలో తెలుస్తది.

ఒకటి, పని పెరిగి పాత పేరు చాలకపోవడం. ఫైర్‌వాల్ ఆప్షన్లు మొదట "ఐపీ ఎన్ఎఫ్" అని మొదలయ్యేవి. అవి పాత రకం ఐపీ చిరునామాల కోసం రాసినవి. కొత్త రకం చిరునామాలకు కూడా అదే కోడ్ పనికొచ్చేటట్టు 2006 మార్చిలో వచ్చిన 2.6.16లో వాటిని కలిపి, చాలావాటికి "నెట్‌ఫిల్టర్ ఎక్స్‌టీ" అని పేరు పెట్టినరు. పాత కాన్ఫిగ్‌తో వచ్చినోళ్ళ వరుసలు చెల్లకుండా పోయినయ్. కొత్త ప్రశ్నలకు అవును అని చెప్పకపోతే వాళ్ళ ఫైర్‌వాల్ నియమాలు ఎక్కవు. తలుపుకు గొళ్ళెం ఉందని పడుకున్నోళ్ళకు గొళ్ళెమే లేకుండా పోయినట్టు.

రెండు, కొత్త ఇల్లు కట్టి పాతది వదిలేయడం. పాత డిస్కులను "ఐడీఈ" డ్రైవర్లు నడిపేవి. డిస్క్ పేరు "హెచ్‌డీఏ" అని ఉండేది. తర్వాత "లిబ్ఏటీఏ" అనే కొత్త డ్రైవర్లు వచ్చినయ్. వాటి కింద అదే డిస్క్ "ఎస్‌డీఏ" అయింది. ఇక్కడ ఆప్షన్ పేరుతో పాటు డిస్క్ పేరు కూడా మారింది. బూట్ వరుసలో పాత పేరు రాసి ఉంటే కెర్నల్ తన డిస్క్ తనకే దొరకక ఆగిపోతది. ఇప్పుడు డిస్కులను యూయూఐడీ అనే మారని నంబర్‌తో పిలవడం ఇటువంటి తిప్పలు తప్పించుకోవడానికే. పాత ఐడీఈ కోడ్‌ను 2021లో 5.14 వెర్షన్‌లో పూర్తిగా తీసేసినరు.

మూడు, పేరు అబద్ధం చెప్పడం. "డీబగ్ ఆర్ఓడేటా" అనే ఆప్షన్ ఉండేది. డీబగ్ అని ఉంది కాబట్టి పరీక్షలు చేసేటోళ్ళకే అనిపిస్తది. నిజానికి అది కెర్నల్ మెమరీని ఎవరూ దిద్దకుండా కాపాడే భద్రత. అందుకే 2017లో 4.11 వెర్షన్‌లో దానికి "స్ట్రిక్ట్ కెర్నల్ ఆర్‌డబ్ల్యూఎక్స్" అని పేరు పెట్టినరు.

నాలుగు, పేరు అదే ఉండి పైమెనూ మారడం. ఇది అచ్చం మా మల్యాల, బోయిన్‌పల్లి సంగతి. 2012 జనవరిలో వచ్చిన 3.2లో నెట్‌వర్క్ కార్డుల డ్రైవర్లను కంపెనీల వారీగా మెనూల్లో సర్దినరు. రియల్‌టెక్ కార్డులన్నీ రియల్‌టెక్ అనే మెనూ కిందికి పోయినయ్. పైమెనూ "వద్దు" అయితే కింద ఉన్నవి కనబడనే కనబడవు. ఇక్కడ చేసినోళ్ళు ముందుచూపుతో ఆ పైమెనూలకు డిఫాల్ట్ "అవును" అని పెట్టినరు. దాంతో పాత ఫైల్‌తో వచ్చినోళ్ళ నెట్‌వర్క్ పోలేదు. పేర్లు సర్దేటోడు పాత కాగితం ఉన్నోని గురించి ఒక్క నిమిషం ఆలోచిస్తే ఎంత మేలో దీన్ని చూస్తే తెలుస్తది.

2018: కాపాడటానికే పేరు మార్చిన సందర్భం

ఈ చరిత్రలో మాకు అన్నిటికంటే నచ్చిన ఘట్టం ఇది.

ప్రోగ్రాం మెమరీలో దొంగదారిన చొరబడే దాడులను పట్టుకునే భద్రత ఒకటుంది, "స్టాక్ ప్రొటెక్టర్" అంటరు. మామూలు రకం ఒకటి, గట్టి రకం ఒకటి. కంపైలర్‌ను చూసి కుదిరిన దాంట్లో గట్టిదాన్ని తనే ఎంచుకునే "ఆటో" అని ఇంకో ఆప్షన్ ఉండేది. 2018లో 4.18 తయారవుతున్నప్పుడు కేకాన్ఫిగ్‌కు కంపైలర్‌ను నేరుగా పరీక్షించే తెలివి వచ్చింది. ఇక ఆటో ఎందుకని తీసేసినరు. చూడ్డానికి శుభ్రమైన పని.

కానీ పాత ఫైల్‌లో ఏముంది? ఆటో ఎంచుకున్నోళ్ళ ఫైల్‌లో "ఆటో: అవును, గట్టిది: పెట్టలేదు" అని ఉంటది. గట్టిది నిజంగా పనిచేస్తూనే ఉంది, ఆటో ద్వారా. కొత్త కెర్నల్‌లో ఆటో అనే పేరు లేదు కాబట్టి ఆ వరుస వదిలేస్తది. "గట్టిది: పెట్టలేదు" అనే వరుస మాత్రం చెల్లుతది. ఫలితంగా గట్టి భద్రత ఉన్న మనిషి ఓల్డ్‌కాన్ఫిగ్ నడపంగనే తనకు తెలియకుండానే తక్కువ భద్రతలోకి జారిపోతడు. పాత కాగితం మీదున్న ఒక "లేదు" అనే మాట, సందర్భం పోయినంక తప్పు సాక్ష్యం చెప్పినట్టు.

టోర్వాల్డ్స్ ఇది గమనించి ఏం చేసిండంటే, గట్టిదాని పేరు కూడా మార్చేసిండు. "సీసీ స్టాక్‌ప్రొటెక్టర్ స్ట్రాంగ్" కాస్తా "స్టాక్‌ప్రొటెక్టర్ స్ట్రాంగ్" అయింది. ఇప్పుడు పాత ఫైల్‌లోని ఆ తప్పుడు "లేదు" కూడా చెల్లదు. ఓల్డ్‌కాన్ఫిగ్ దాన్ని కొత్త ఆప్షన్‌గా చూసి మళ్ళీ అడుగుతది, డిఫాల్ట్ "అవును". పేరు మార్పు వల్ల మనకు ఎప్పుడూ నష్టమే అనుకుంటం. ఇక్కడ పేరు మార్చడమే మందు అయింది.

2024: "వద్దు" అన్నది కూడా పోతది

2018 జనవరిలో మెల్ట్‌డౌన్, స్పెక్టర్ అనే ప్రాసెసర్ లోపాలు బయటపడ్డయ్. వాటికి విరుగుడుగా కెర్నల్‌లో చాలా ఆప్షన్లు చేరినయ్. ఒక్కొక్కటి ఒక్కో తీరు పేరుతో ఉండేది. 2024 మేలో వచ్చిన 6.9లో వాటన్నిటికీ ముందు "మిటిగేషన్" అనే మాట తగిలించి ఒక వరుసలో పెట్టినరు. "రెట్‌పోలిన్" కాస్తా "మిటిగేషన్ రెట్‌పోలిన్" అయింది. "పేజ్ టేబుల్ ఐసొలేషన్"కు కూడా అంతే.

ఇప్పుడు వెతకడం సులువైంది, మంచిదే. కానీ దాటే రోజున ఏమైతది? రెట్‌పోలిన్ డిఫాల్ట్ "అవును" కాబట్టి ముందు అవును అన్నోళ్ళకు నష్టం లేదు. పాత యంత్రం నెమ్మదిస్తుందని కావాలనే "వద్దు" అన్నోళ్ళకు మాత్రం ఆ వద్దు పోయి అవును వచ్చి కూర్చుంటది. ఇంకోవైపు "ఎస్ఎల్ఎస్" అనే విరుగుడు డిఫాల్ట్ "వద్దు". దాన్ని కోరి పెట్టుకున్నోళ్ళు "మిటిగేషన్ ఎస్ఎల్ఎస్" అని మళ్ళీ అడిగితే తప్ప అది తిరిగి రాదు. అంటే పోయేది ఆప్షన్ ఒక్కటే కాదు, మనం చేసుకున్న నిర్ణయం. మనం ఆలోచించి చెప్పిన మాట తుడిచిపెట్టుకుపోయి ఎవరో అనుకున్న డిఫాల్ట్ మన జవాబు అయితది.

మరి కొత్త పేరు ఎట్ల పట్టుకోవాలె

ఒకటి. పాత ఫైల్‌ను ముందు కాపాడుకోవాలె. ఇప్పుడు నడుస్తున్న కెర్నల్ కాన్ఫిగ్ మామూలుగా బూట్ ఫోల్డర్‌లో వెర్షన్ నంబర్‌తో ఉంటది. కొన్ని కెర్నళ్ళు దాన్ని ప్రాక్ ఫోల్డర్‌లో కాన్ఫిగ్ డాట్ జీజెడ్ అనే పేరుతో తమలోనే దాచుకుంటయ్. దాన్ని వేరే చోట కాపీ చేసి, ఆ కాపీని ముట్టుకోవద్దు.

రెండు. ఓల్డ్‌డెఫ్‌కాన్ఫిగ్ కొట్టేముందు "మేక్ లిస్ట్‌న్యూకాన్ఫిగ్" కొట్టాలె. కొత్తగా వచ్చిన పేర్లు మాత్రమే వరుసగా చూపిస్తది. అందులో కొన్ని నిజంగా కొత్తవి, కొన్ని మన పాత సుట్టాలే కొత్త పేరుతో వచ్చినయ్.

మూడు. కొత్త ఫైల్ తయారైనంక కెర్నల్ స్క్రిప్ట్స్ ఫోల్డర్‌లో ఉన్న "డిఫ్‌కాన్ఫిగ్"తో పాతది, కొత్తది పోల్చాలె. మైనస్ గుర్తుతో వచ్చినవి పోయినవి, ప్లస్ గుర్తుతో వచ్చినవి చేరినవి. మైనస్ జాబితాలో "వై", "ఎం" అని ఉన్నవాటిని ముందు చూడాలె, అవి మనం కోరి పెట్టుకున్నవి.

నాలుగు. పోయిన పేరు ఏమైందో గిట్ చరిత్రను అడగాలె. "గిట్ లాగ్"కు పెద్దక్షరం ఎస్ జోడించి, పాత పేరు ఇచ్చి, కేకాన్ఫిగ్ ఫైళ్ళ వరకే వెతకమంటే ఆ పేరును తీసేసిన కమిట్ దొరుకుతది. ఎవరు, ఎప్పుడు, ఎందుకు మార్చినరో అందులో రాసి ఉంటది. కొత్త పేరు ఆ కమిట్‌లనే పక్క వరుసలో కనబడతది. పైన చెప్పిన 2018 ముచ్చటంతా అటువంటి ఒక కమిట్‌లో టోర్వాల్డ్స్ స్వయంగా రాసిపెట్టిందే. ఒక్క సంగతి యాదికి ఉంచుకోవాలె: కెర్నల్ గిట్ చరిత్ర 2005 ఏప్రిల్ నుంచే మొదలైతది. అంతకు ముందుది వేరే దగ్గర చూడాలె.

ఐదు. చరిత్ర దింపుకోవడానికి నెట్ చాలకపోతే ఇంకో దారి ఉంది. ఆప్షన్ పేరు మారినా అది నడిపే కోడ్ ఫైల్ పేరు చాలాసార్లు మారదు. ఉదాహరణకు ఒక్కో ప్రోగ్రాం గుంపుకు ఇంత మెమరీనే అని హద్దు పెట్టే ఆప్షన్ పేరు 2012లో 3.6 వెర్షన్‌లో "సీగ్రూప్ మెమ్ రెస్ సీటీఎల్ఆర్" నుంచి "మెమ్‌సీజీ" అయింది. కోడ్ ఫైల్ మాత్రం అప్పుడూ "మెమ్‌కంట్రోల్", తర్వాత కూడా "మెమ్‌కంట్రోల్". పాత కెర్నల్ మేక్‌ఫైల్‌లో పాత ఆప్షన్ పక్కన ఏ ఫైల్ ఉందో చూసి, కొత్త కెర్నల్ మేక్‌ఫైల్‌లో అదే ఫైల్ పక్కన ఏ ఆప్షన్ ఉందో చూస్తే కొత్త పేరు దొరికినట్టే. ఇంటి పేరు మారినా ఇంట్ల మనిషిని గుర్తుపట్టినట్టు.

ఆరు. మెనూకాన్ఫిగ్‌లో ముందుకు వాలిన గీత కొడితే వెతికే డబ్బా వస్తది. అక్కడ పేరు కొడితే అది ఏ మెనూ కింద ఉందో, దేని మీద ఆధారపడి ఉందో చూపిస్తది. పేరు ఉండి కూడా కనబడకపోతే దాని పైదేదో "వద్దు" అయి ఉంటది. పేరే లేకుంటే మారింది, లేదా తీసేసినరు. తీసేసిన వాటిని ఎంత వెతికినా దొరకవు. మెమరీ పంచే "స్లాబ్" అనే పాత పద్ధతి 2024లో 6.8తో పోయింది, ఇక ఉన్నది "స్లబ్" ఒక్కటే.

హెచ్చరిక రావడానికి ఇన్నేండ్లు

చెల్లని పేరు కనబడితే కనీసం ఒక మాట చెప్పొచ్చు కదా అని ఎవరికైనా అనిపిస్తది. ఆ మాట చెప్పే సౌకర్యం 2023 అక్టోబర్‌లో వచ్చిన 6.6తో దొరికింది. "కేకాన్ఫిగ్ వార్న్ అన్‌నోన్ సింబల్స్" అనే ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్ పెట్టి నడిపితే, ఫైల్‌లో ఉండి కెర్నల్‌లో లేని పేర్లన్నీ చూపిస్తది. అది తనంతట తాను రాదు, మనం అడగాలె. కొత్త కెర్నళ్ళకు పోయేటోళ్ళు మొదట చేయాల్సిన పని ఇదే.

2025లో ఇంకో అడుగు పడింది. కీస్ కుక్ కేకాన్ఫిగ్‌లో "ట్రాన్సిషనల్" అనే కొత్త గుర్తు తెచ్చిండు. పేరు మార్చేటోళ్ళు పాత పేరును ఆ గుర్తుతో కేకాన్ఫిగ్‌లోనే ఉంచొచ్చు. పాత ఫైల్‌లో ఆ పేరు కింద మనం ఇచ్చిన జవాబును చదివి, కొత్త పేరుకు అప్పజెప్తది. కొత్త ఫైల్‌లో మాత్రం కొత్త పేరే రాస్తది. "సీఎఫ్ఐ క్లాంగ్" అనే ఆప్షన్‌ను "సీఎఫ్ఐ"గా మార్చడానికి దాన్ని వాడినరు. పాత పేర్లన్నిటికీ ఇది లేదు, మార్చేటోడు తలుచుకొని పెడితేనే ఉంటది. అయినా 1991 నుంచి చూస్తే, పాత కాగితానికి వ్యవస్థ లోపలే ఒక చోటు దొరికింది.

మన లిపి దగ్గర నేర్చుకున్నది

దీనికి పూర్తిగా ఎదురుగా నిలబడే ఉదాహరణ మన ఆదిలాబాద్ జిల్లాలనే ఉంది. నార్నూరు మండలం గుంజాలలో దొరికిన రాతప్రతుల లిపి 2018లో యూనికోడ్ 11.0లో "గుంజాల గోండి"గా చేరింది. యూనికోడ్ నియమం ఏందంటే, ఒక అక్షరానికి ఒకసారి పేరు పెడితే ఇక మార్చరు, తప్పు పడ్డా సరే. బ్రాకెట్ అనే ఇంగ్లీషు మాటలో రెండక్షరాలు తారుమారై ఒక గుర్తు పేరులో పడితే, ఆ తప్పును అట్లనే ఉంచి, పక్కన సరైన పేరును మారుపేరుగా చేర్చినరు. ఎందుకంటే ఆ పేరును నమ్ముకొని ఎవరో ఎక్కడో ప్రోగ్రాం రాసి ఉంటరు.

కెర్నల్ వాళ్ళు కూడా ఒక మాట ఇచ్చినరు: కెర్నల్ మీద నడిచే ప్రోగ్రాంలను చెడగొట్టం అని. కానీ కాన్ఫిగ్ పేర్లకు ఆ మాట వర్తించదు, అవి ఇంటి లోపలి పేర్లు. రెండు పద్ధతుల్లో ఒకటి మంచిది, ఒకటి చెడ్డది అని మేం అనడం లేదు. పేరు మారకపోతే తప్పు పేర్లు కూడా శాశ్వతంగా ఉండిపోతయ్, మారితే పాత కాగితం ఉన్నోడు నష్టపోతడు. చూడాల్సింది ఎవరు ఏ మాట ఇచ్చినరు, ఏది ఇయ్యలేదు అన్నది. మాట ఇయ్యని చోట జాగ్రత్త మనదే.

హైదరాబాద్ కేంద్రంగా స్వేచ్ఛ సంస్థ వాళ్ళు లినక్స్ ఆధారంగా తెలుగు ఆపరేటింగ్ సిస్టమ్ తెచ్చినప్పుడు, పేర్లు మన భాషలో ఉంటే ఎంత దగ్గరైతదో చూసినం. పేర్లు పెట్టే చోట, మార్చే చోట మనోళ్ళు కూడా ఉండాలె. కెర్నల్ కమిట్లు రాయడానికి ఎవరి సిఫారసు అక్కర్లేదు, ప్యాచ్ మంచిగ ఉంటే చాలు. అక్కడ మన పిల్లలు కూర్చున్న రోజున, పేరు మార్చేముందు పాత యంత్రం ముందు కూర్చున్నోన్ని కూడా ఒకసారి తలుచుకుంటరు.

అప్పటిదాకా ఒక్క అలవాటు చేసుకుందాం. కెర్నల్ మార్చిన ప్రతిసారి పాత కాన్ఫిగ్, కొత్త కాన్ఫిగ్ పక్కపక్కన దాచి, మారిన ప్రతి పేరుకు "పాత పేరు, కొత్త పేరు, ఏ వెర్షన్, ఎందుకు" అని నాలుగు గడులు రాసి గ్రూపులో పెట్టండి. ఒకరు వెతికింది పదిమందికి పనికొస్తది. మన జిల్లాలు, మండలాల పాత పేర్లు పెద్దోళ్ళ నోట్ల ఉన్నయ్ కాబట్టే మనం పాత కాగితాలు చదవగలుగుతున్నం. యంత్రాల పాత పేర్లు యాది పెట్టుకునే పెద్దోళ్ళు మనకు ఇంకా తయారు కాలేదు. ఆ పని మనమే చేయాలె.

జై సేవా, జై సేవాలాల్.